గాజుబుడ్డిలో మూడవ తీగ: లీ డి ఫారెస్టు

అమెరికాలోని అయోవా రాష్ట్రమున, కౌన్సిల్ బ్లఫ్స్ అను పట్టణములో 1873 ఆగస్టు 26వ తేదీన లీ డి ఫారెస్టు జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. నల్లజాతివారి విద్యకై అలబామాలో నెలకొనిన టాలడీగా కళాశాలకు ఆయన అధ్యక్షుడగుటచే, ఆ యూరి తెల్లవారు ఆ కుటుంబమును దూరముగా నుంచిరి. బాలుడు యంత్రములతో చెలిమి చేసెను. కుమారుడు తనవలెనే మతబోధకుడు కావలెనని తండ్రి కోరిక. కుమారుడు యేల్ విశ్వవిద్యాలయమున చేరి, విద్యుత్తరంగముల పరావర్తనముపై పరిశోధించి 1899లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ దినములలో నిస్తంత్రి వార్తల నందుకొను సాధనములు దుర్బలములు. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు, గాజుబుడ్డిలో ఒక తంతువును, దాని కెదురుగా ఒక లోహపు పలకను అమర్చి వాల్వును నిర్మించెను. తంతువు మిక్కిలి కాగినప్పుడు ఎలక్ట్రానులు వెలువడి, ధనవిద్యుత్తు గల పలకవైపునకు పరుగెత్తును. తిరుగు ప్రయాణము లేదు. తరంగమును పసిగట్టుటకు ఇది చాలును గాని, దానిని బలపరచుటకు చాలదు.

డి ఫారెస్టు మూడవ లోహమును చేర్చదలచెను. మొదట బుడ్డివెలుపల రేకు చుట్టి చూచెను. తుదకు 1906లో, తంతువునకును పలకకును నడుమ, వంకరలు త్రిప్పిన సన్నని తీగను నిలిపెను. దీనినే గ్రిడ్డు అందురు. కిటుకంతయు ఆ తీగ నిలిచిన చోటులోనే యున్నది. తంతువునకు అది చేరువ, పలక దూరము. కావున తీగపై విద్యుత్పీడనము రవంత మారినను, పలకకు పోవు ప్రవాహము ఎంతో మారును. తూము తలుపు నెత్తు చేయి చెరువునీటి బరువును మోయవలసిన పని లేదుగదా! ఈ బుడ్డికి ఆడియాన్ అని పేరిడిరి.

విచిత్రమేమనగా, అది ఎట్లు పనిచేయుచున్నదో దానిని కల్పించినవానికే సరిగా తెలియదు. లోపల కొంత వాయువు మిగిలియుండుట అవసరమని ఆయన నమ్మెను. నిజమునకు ఆ వాయువే శత్రువు. పలకకు పీడనము హెచ్చించినచో వాయువు నీలికాంతితో వెలుగును. ప్రవాహము గ్రిడ్డు మాట వినదు. 1912లో ఆడియానును చూచిన టెలిఫోను సంస్థవారి శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ ఆర్నాల్డు ఈ లోపమును గ్రహించి, బుడ్డిలోని వాయువును వీలైనంతవరకు తోడించెను. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో లాంగ్మ్యూరును అదే త్రోవ త్రొక్కెను. అప్పటినుండియే పలకలు వందల వోల్టులకు, పిదప వేల వోల్టులకు తట్టుకొనెను. శక్తిని పెంచు పెద్ద వాల్వులు వెలసెను. వేడిని వెదజల్లుటకై పలకలను వెడల్పుచేసి, నల్లబరచిరి. పాత రేడియో వాల్వుల గాజులోపల కనబడు వెండివంటి పూత అలంకారము కాదు. మిగిలిన వాయువును మ్రింగుటకై, బుడ్డి మూసినపిదప ఆవిరిచేసిన లోహమది. డి ఫారెస్టు కావలెనన్న వాయువును పోగొట్టుటకు ఇంత శ్రమ!

1913లో, వాటాదారులను మోసగించెనన్న నేరారోపణపై ఆయన విచారణ కెక్కెను. ఆడియాన్ వ్యర్థమైన వస్తువని ప్రభుత్వపక్షము వాదించెను. ఆయన నిర్దోషిగా బయటపడెను గాని, సహచరులలో ఇద్దరికి శిక్ష తప్పలేదు. టెలిఫోనునందు ఆ బుడ్డిని వాడు హక్కులకు ఆ సంస్థ 50,000 డాలర్లిచ్చినదియు ఆ యేటనే. 1915 జనవరిలో న్యూయార్కున గ్రాహంబెల్ పలికిన మాటలు ఖండమును దాటి శాన్‌ఫ్రాన్సిస్కోకు వినబడెను.

తరువాతి జీవితము చాలవరకు వ్యాజ్యములతో గడచెను. ఆర్మ్‌స్ట్రాంగుతో నడచిన సుదీర్ఘ వివాదమున 1934లో సుప్రీంకోర్టు డి ఫారెస్టు పక్షమున తీర్పు చెప్పెను; కాని ఆడియాన్ పనితీరును ముందుగా చక్కగా వివరించినవాడు ఆర్మ్‌స్ట్రాంగేయని ఇంజనీర్లలో పలువురి అభిప్రాయము. డి ఫారెస్టు చలనచిత్రములకు శబ్దమును చేర్చుటకును పాటుపడెను. 1961 జూన్ 30న హాలీవుడ్డులో మరణించునాటికి ఆయనవద్ద మిగిలిన ధనము స్వల్పము.