పిండిని అప్పుమీద ఇచ్చిన పల్లె మేయరు

మన పెద్దలలో సేద్యము చేసినవారికి సొసైటీ అప్పు కొత్త మాట కాదు. విత్తనాలకో ఎరువుకో షావుకారు గడప తొక్కకుండా ఊరి సహకార సంఘములో తీసుకొనే అప్పు అది. అటువంటి సంఘాల పుట్టుక వెదుకుతూ పోతే, జర్మనీలో ఒక పల్లె మేయరు దగ్గరికి చేరుతాము. ఆయన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్.

1818 మార్చి 30న హామ్ అనే ఊరిలో, తొమ్మిదిమంది పిల్లలలో ఏడవవాడుగా పుట్టారు. పై చదువుకు ఇంట డబ్బు లేదు. ఊరి పాస్టరుగారే చదువు చెప్పారు. పదిహేడేళ్లకు సైన్యములో చేరారు గాని, కంటి జబ్బువలన 1843లో మానుకోవలసి వచ్చింది. 1845లో వెస్టర్‌వాల్డ్ కొండసీమలోని వేయర్‌బుష్‌కు మేయరయ్యారు. మేయరంటే నగర వైభవము ఏమీ లేదు. చుట్టుపక్కల పేదపల్లెలకు ప్రష్యా ప్రభుత్వము నియమించిన అధికారి, అంతే.

1846లో పంటలు పోయాయి. ఆ చలికాలము ప్రభుత్వము పిండి పంపింది, కాని రొక్కానికే అమ్మాలని ఉత్తరువు. చేతిలో రొక్కమే ఉంటే ఆకలెందుకు? రైఫైజన్ ఉద్యోగానికి భయపడక పేదలకు అప్పుమీద ఇచ్చారు. తరువాత కలిగినవారిచేత నిధి వేయించి, ధాన్యము కొని, ఊరుమ్మడి రొట్టెలపొయ్యి కట్టించారు.

1848లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మారారు. అక్కడ పశువుల వడ్డీవ్యాపారము రైతును పిండుతున్నది. అరువుకు ఆవును తెచ్చుకున్నవాడు ఆవునూ పొలమునూ పోగొట్టుకునేవాడు. 1849లో సుమారు అరవైమంది స్థితిపరులు తమ ఆస్తి పూచీ పెట్టగా, పశువులు కొని వాయిదాలమీద ఇచ్చే సంఘము ఏర్పడింది. 1852లో హెడ్డెస్‌డార్ఫ్ మేయరై, 1854లో అక్కడా ధర్మసంఘము పెట్టారు.

అయితే ఇచ్చేవారికి విసుగు వచ్చింది. క్రైస్తవప్రేమ చొప్పున కలవాడు లేనివానిని ఆదుకోవాలన్నది రైఫైజన్ గట్టి నమ్మకము. దానిమీద కట్టిన పని సడలడము ఆయనకు బాధ కలిగించే ఉంటుంది. చాలాకాలము తటపటాయించి, చివరకు 1864లో ఆ ధర్మసంఘము స్థానములో అప్పు తీసుకొనేవారే సభ్యులుగా ఉండే సంఘము స్థాపించారు. ఒకరికొకరు పూచీ. ఒకరినొకరు ఎరిగిన ఊరివారే సభ్యులు. ఆయన జీవితములో పిండి పంచిన చలికాలముకంటె ఈ మనసు మార్చుకోవడమే గొప్పదని నాకు తోస్తుంది.

1863లో భార్య ఎమిలీ మరణించింది. చూపు మరింత మందగించి, 1865లో, నలభై ఏడేళ్లకే, పదవి వదిలారు. 1866లో తన అనుభవాన్ని పుస్తకముగా వెలువరించారు. చదివిపెట్టి, వ్రాసిపెట్టి ఆయనకు కళ్లుగా ఉన్నది పెద్ద కుమార్తె అమాలియే. పింఛను చాలక ద్రాక్షరసపు వ్యాపారము కూడా చేశారు. 1888 మార్చి 11న, డెబ్బై ఏళ్లు నిండటానికి కొద్దిరోజుల ముందు, కన్నుమూశారు.

ఆ తరువాత మద్రాసు ప్రభుత్వము పంపగా ఐరోపా వెళ్లి వచ్చిన ఫ్రెడరిక్ నికల్సన్, 1895, 1897లలో ఇచ్చిన నివేదికలో ఈ పద్ధతినే మన రైతులకు సూచించాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టము వచ్చింది. మరుసటి ఏడు గదగ్ దగ్గర కణగినహాళ్‌లో రైతులు తమ సంఘము పెట్టుకున్నారు.