జార్జి ఎవరెస్టు: గుట్టలమీది సంకేతములు

ఎవరెస్టు అనగానే మనకు హిమాలయశిఖరము స్ఫురించును. ఆ నామధేయము గల మనుష్యుడు యౌవనమున మన తెలంగాణపు గుట్టలపై నిలిచి, దూరపు సంకేతములకై కాచియుండెనని యెరిగినవారు మాత్రము స్వల్పము.

జార్జి ఎవరెస్టు 1790 జూలై 4వ తేదీన జన్మించి, 1806లో కంపెనీవారి ఫిరంగిదళమున జేరి హిందూదేశమునకు వచ్చెను. అప్పటికి విద్యుత్తంతి లేదు. ఫ్రాన్సుదేశమున క్లాడ్ షాప్ అను నాతడు 1794లో పారిస్, లిల్ నగరముల నడుమ గోపురముల వరుసను నెలకొల్పి, స్తంభముపై కొయ్యచేతులను త్రిప్పి వార్తలు పంపు పద్ధతిని నడపెను. ఒక గోపురముపై గనుపించిన సంకేతమును తరువాతి గోపురమువాడు దుర్భిణితో గాంచి, ముందువానికి యథాతథముగ జూపును. ఇట్టి మార్గమునే కలకత్తానుండి కాశీవరకు సుమారు 400 మైళ్లు ఏర్పరచుటకై 1817లో ఎవరెస్టు భూమిని పరిశీలించెను.

మరుసటి సంవత్సరాంతమున నాతడు లాంబ్టనుకు ప్రధాన సహాయకుడై హైదరాబాదు జేరెను. భూమి యాకృతిని గొలుచు మహాకార్యమును లాంబ్టను అప్పటికే గుత్తినుండి పాలమూరు మెట్టలమీదుగ బీదరు సమీపమునందలి దామరగిద్దవరకు నడపియుండెను. షాద్‌నగరమును ఈ కొలత సాగిన 78వ రేఖాంశ ప్రాంతముననే యున్నది. ఈ పనికిని సంకేతమే ప్రాణము. ఒక గుట్టపై యంత్రముండును. దూరపు గుట్టలపై పగలు జెండా, రాత్రి దీపము నిలుపవలెను. అవి కానరానిదే కోణము కొలుచుట యసాధ్యము.

1819లో కృష్ణా గోదావరుల నడిమి యడవులలో ఎవరెస్టు పని సాగించెను. వానకాలమున ఎల్లాపురము కడ విషజ్వరము సోకి దండెల్ల కూలిపోయెను. ఆతనిని హైదరాబాదునకు మోసికొనిపోవలసివచ్చెను. స్వస్థతకై యాతడు 1820లో దక్షిణాఫ్రికాకు వెడలెను. పగటియెండలో మరుగుపడు దూరపుగురుతు రాత్రివేళ వాయువక్రీభవనముచే పైకి దేలి కానవచ్చునను సత్యమును ఈ దేశపు పని యాతనికి నేర్పెను.

1823లో లాంబ్టను మరణింపగా కార్యభారము ఎవరెస్టుపై బడెను. 1830లో సర్వేయరు జనరలైన పిమ్మట, పగలు సూర్యకాంతిని ప్రతిఫలింపజేయు అద్దములను, రాత్రి దీపములను విరివిగ వాడి, గంగామైదానమున గోపురములు గట్టించి, 1841 నాటికి కన్యాకుమారినుండి హిమాలయపాదమువరకు కొలతను ముగించెను. 1843లో ఉద్యోగము విరమించి, 1866 డిసెంబరు 1వ తేదీన దివంగతుడయ్యెను. శిఖరమునకు దన పేరు పెట్టుటకు ఆతడే యభ్యంతరము దెలిపెను. అయినను 1865లో ఆ పేరే స్థిరపడెను. ఆ శిఖరపు టెత్తును గణించినవాడు వంగదేశీయుడు రాధానాథ సిక్దారు.

ఎవరెస్టు దీక్షను మేము తక్కువచేయము. కాని గుట్టయెక్కి జెండా నిలిపినవారు, తెల్లవారువరకు దీపమారకుండ గాచినవారు, జ్వరమున గూలినవారు ఈ దేశపు సామాన్యులే. వారు చేయి దించిన నాడు యంత్రము గ్రుడ్డిదే. శిఖరముపేరు బాలురకు జెప్పు ఉపాధ్యాయులు ఆ దీపధారుల కథనుగూడ జెప్పుట న్యాయమని మా మనవి.