రెండు పట్టెల పుట
గూటెన్‌బర్గు జీవితము

పుటను నిలువుగా రెండు మూడు పట్టెలుగా విభజించి అక్షరములు కూర్చుట నేటి కంప్యూటరు యుగమున క్షణకాలపు పని. మీట నొక్కిన చాలును, పంక్తులన్నియు సరిసమానములై నిలుచును. పత్రికలవారు కాలమ్ అని పిలుచు ఈ పట్టెను ఐరోపాఖండమున లోహాక్షరములతో ఒక మహాగ్రంథమునందు మొదట తీర్చినవాడు యోహాన్ గూటెన్‌బర్గు. ఆ పుట లోకమునకు దక్కినది. దానిని తీర్చినవానికి మాత్రము ఫలము దక్కలేదు.

జర్మనీలో రైను నదీతీరమున మైన్జు నగరమున్నది. 1400 ప్రాంతమున గూటెన్‌బర్గు అచ్చట ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. గెన్స్‌ఫ్లైష్ అనునది వంశనామము. గూటెన్‌బర్గు అనునది వారి గృహము పేరు. 1434 నాటికి అతడు స్ట్రాస్‌బర్గు నగరమున నివసించుచుండెను. ఆఖెన్ క్షేత్రమునకు పోవు యాత్రికులకు అమ్ముటకై భాగస్వాములతో గూడి లోహపు టద్దములు చేయ సంకల్పించెను. 1439లో జరుగవలసిన యాత్ర మరుసటి యేటికి వాయిదా పడెను. భాగస్వామి యొకడు మరణింపగా అతని సోదరులు వ్యాజ్యము తెచ్చిరి. తీర్పు గూటెన్‌బర్గునకే అనుకూలమయ్యెను.

1448 నాటికి అతడు మైన్జునకు తిరిగి వచ్చి ముద్రణకళపై దృష్టి నిలిపెను. ఉక్కుకడ్డీ కొనపై అక్షరమును చెక్కి, దానిని రాగిబిళ్లపై కొట్టి, ఆ గుంటలో కరగిన లోహమును పోసి అక్షరములు తీయుట అతని విధానమని చెప్పుదురు. పనికి ధనము కావలసియుండెను. 1450లో యోహాన్ ఫూస్టు అను ధనికుడు 800 గుల్డెనులు అప్పిచ్చెను. రెండేండ్లకు మరి 800 గుల్డెనులు పెట్టుబడిగా నిచ్చెను.

ఆ సొమ్ముతో గూటెన్‌బర్గు లాటిన్ బైబిలును అచ్చొత్త బూనెను. పెద్దపుటపై పంక్తి ఈ యంచునుండి ఆ యంచువరకు సాగినచో, చదువరి చూపు వెనుకకు మరలి తరువాతి పంక్తిని పట్టుకొనుటలో తడబడును. లేఖకులు పెద్ద గ్రంథములను రెండు పట్టెలుగా వ్రాయుచుండిరి. గూటెన్‌బర్గు ఆ సంప్రదాయమునే గ్రహించెను. కాని కలమునకు సులభమైనది లోహమునకు కఠినమయ్యెను. పట్టె ఇరుకైన కొలది పంక్తిలో పదములు తగ్గును. పదములు తగ్గిన కొలది వాని నడుమ ఎడమును సమముగా పంచుట దుస్సాధ్యమగును. కుడియంచు తిన్నగా రావలెనన్నచో పంక్తిలో అచ్చటచ్చట పెద్ద ఖాళీలు పడును.

దీనికతడు చేసిన ఉపాయము మెచ్చదగినది. ఒకే అక్షరమునకు సన్నని రూపమును, వెడల్పు రూపమును, జంట యక్షరములను, సంక్షేప చిహ్నములను కలిపి సుమారు 290 అచ్చులను సిద్ధపరచెను. చోటు చాలనిచో సన్నని రూపము, మిగిలినచో వెడల్పు రూపము. పదము విరిగినచోట వచ్చు చిన్నగీతను పట్టెకు వెలుపల నిలిపి, అంచు కంటికి నిటారుగ తోచునట్లు చేసెను. తొలిపుటలలో పట్టెకు 40 పంక్తులు. పిదప ఒక పుటలో 41. ఆ తరువాత 42. పట్టె యెత్తు ఇంచుమించు మారలేదు. పంక్తుల నడుమ ఎడమే తగ్గెను. కాగితము ఆదా చేయుటకే ఇట్లు చేసెనని పండితుల యూహ. దాదాపు 1280 పుటల ఆ గ్రంథము సుమారు 180 ప్రతులుగా 1455 నాటికి సిద్ధమయ్యెను. అధ్యాయారంభములందలి పెద్దయక్షరములకు చోటు విడువగా, వానిని తరువాత రంగులతో చేత వ్రాసిరి.

పంట చేతికందు వేళ పిడుగు పడినది. వడ్డీతో కలిపి 2026 గుల్డెనులు రావలెనని ఫూస్టు వ్యాజ్యము వేసెను. 1455 నవంబరు 6వ తేదీ నాటి పత్రము ఆ కథను తెలుపుచున్నది. ఫూస్టు పక్షమున సాక్షిగా నిలిచినవారిలో పేటర్ షోఫర్ ఒకడు. ఇతడు గూటెన్‌బర్గు వద్దనే పనిచేసినవాడని చెప్పుదురు. ముద్రణసామగ్రి ఫూస్టు వశమయ్యెనని చరిత్రకారుల యభిప్రాయము. 1457లో వెలువడిన స్తోత్రగ్రంథమునందు ఫూస్టు, షోఫర్ల పేర్లు అచ్చయినవి. షోఫర్ తరువాత ఫూస్టునకు అల్లుడయ్యెను. గూటెన్‌బర్గు పేరు మాత్రము అతడు ముద్రించిన ఏ గ్రంథముననూ లేదు.

1462లో మైన్జు నగరము శత్రువుల పాలయ్యెను. ముద్రాపకులు చెదరి పలుదేశములకు పోవుటచే ఆ విద్య ఐరోపా అంతట వ్యాపించెను. 1465లో మైన్జు ఆర్చిబిషప్పు అడాల్ఫు గూటెన్‌బర్గును ఆస్థానమునకు చేర్చుకొని, ఏటేట వస్త్రములు, ధాన్యము, ద్రాక్షాసవము నిచ్చు ఏర్పాటు చేసెను. 1468 ఫిబ్రవరిలో అతడు మరణించెను. అతడు విడిచిన అక్షరములును, పనిముట్లును కొన్రాడ్ హూమెరీ అను పండితునికి ముట్టెను. అవి హూమెరీ సొత్తే యగుటచే, తుదినాళ్లలోను గూటెన్‌బర్గు పరుల సామగ్రితోనే పనిచేసెనని తోచును. అతనిని సమాధిచేసిన దేవాలయమే నేడు లేదు.

తెలుగులిపిలో తొలి అచ్చు పుస్తకములు సైతము 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలే నగరముననే వెలువడినవి. ఆ బైబిలు ప్రతులలో, అసంపూర్ణములతో గూడ, నేడు 49 మాత్రమే మిగిలియున్నవి. అధ్యాపకుడు తెరిచెడి నిఘంటువునందును, విద్యార్థి చదివెడి పత్రికయందును ఆ రెండు పట్టెల తీరు నేటికిని నిలిచియున్నది. పేరు చెక్కుకొనని శిల్పికి ఆ తిన్నని యంచే శాసనము.