దంతపంక్తికి శాస్త్రం కూర్చిన ఏంగిల్

హైదరాబాదులోని గౌలిగూడకు సమీపాన, అఫ్జల్‌గంజ్‌లో, 1959లో స్థాపితమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. అక్కడైనా, లోకంలో మరెక్కడైనా, ఎత్తుపళ్ల బాలుడు వచ్చినప్పుడు వైద్యుడు అతని దవడల చివరి భాగాన్ని కూడా పరిశీలిస్తాడు. ఆరేళ్ల ప్రాయంలో మొలిచే మొదటి శాశ్వత చర్వణకాలు పైనా కిందా ఎలా కలుస్తున్నాయో చూస్తాడు. ఆ కలయికను బట్టి పలువరుస దోషాలను 1899లో మూడు తరగతులుగా విభజించినవాడు అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ హార్ట్‌లీ ఏంగిల్.

ఏంగిల్ 1855 జూన్ 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెరిక్‌లో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. 1878లో దంతవైద్య పట్టా పొందాడు. అనారోగ్యం కారణంగా వృత్తిని విడిచి మోంటానాలో గొర్రెల పెంపకానికి పూనుకోగా, క్రూరమైన శీతకాలం మందను బలిగొన్నది. గొర్రెలు బతికి ఉంటే ఆయన మళ్లీ పళ్ల జోలికి వచ్చేవాడో లేదో! 1886లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1900లో సెయింట్ లూయిస్ నగరంలో పలువరుసను సరిదిద్దే విద్యకు ప్రత్యేక పాఠశాల నెలకొల్పాడు.

ఏంగిల్ మహా పట్టుదల గలవాడు. వరుస సరిచేయడానికి పళ్లు పీకరాదని, పళ్లు సక్రమంగా అమరితే చుట్టూ ఎముక దానంతటదే పెరుగుతుందని ఆయన దృఢవిశ్వాసం. తలకు పట్టీ కట్టి, దాని ఆధారంగా పైపళ్లను వెనుకకు లాగే హెడ్‌గేర్‌ను తొలినాళ్లలో ఆయనా వాడాడు. న్యూయార్క్ వైద్యుడు నార్మన్ కింగ్స్‌లీ అంతకుముందే దానిని ప్రయోగించాడు. పై, కింది పళ్ల నడుమ రబ్బరు వలయాలు తగిలించే పద్ధతి రాగానే ఏంగిల్ తలపట్టీని పక్కన పెట్టాడు. గురువు మాట శిష్యులకు శాసనమైంది. ఫలితంగా అమెరికాలో ఆ సాధనం చాలాకాలం మూలపడింది.

ఏంగిల్ 1930 ఆగస్టు 11న మరణించాడు. మరుసటి సంవత్సరమే ఆయన శిష్యుడు హోలీ బ్రాడ్‌బెంట్ తల ఎక్స్‌రే చిత్రాలను ప్రమాణబద్ధంగా తీసే పద్ధతిని ప్రకటించాడు. ఒకే బాలుని ముఖాస్థుల పెరుగుదలను ఏటేటా కొలిచే వీలు కలిగింది. 1947లో సైలస్ క్లోన్ మెడపట్టీతో కూడిన హెడ్‌గేర్ ఫలితాలను వెల్లడించాడు. ఎదిగే పిల్లల్లో అది పై చర్వణకాలను వెనుకకు జరపడమే గాక, పైదవడ ముందుకు పెరిగే వేగాన్ని తగ్గిస్తుందని క్రమంగా రుజువైంది. ఈలోగా కిందిదవడ తన సహజగతిలో పెరిగి పైదవడకు సరిపోతుంది. గురువు వదిలిన సాధనాన్ని శిష్యుని కొలమానమే నిలబెట్టింది!

అయితే రోజుకు పన్నెండు గంటలకు పైగా ధరించవలసిన ఈ సాధనం పిల్లల ఓర్పుకు పరీక్షే. మెడపట్టీ చర్వణకాలను కిందికి కూడా దించుతుంది. అందువల్ల కిందిదవడ వెనుకకు తిరిగి ముఖం పొడవు కావచ్చు. అటువంటి ముఖాకృతి గల పిల్లలకు నడినెత్తి మీదుగా లాగే పట్టీని వాడతారు. ఎదుగుదల ముగిసిన తరువాత పళ్లు కదులుతాయి గాని, దవడ ఎముక పెరుగుదలపై దాని ప్రభావం ఉండదు.