శశి మహారాజు కడపటి వ్యాధి

1886లో కాశీపురోద్యానమున శ్రీరామకృష్ణులు కంఠవ్యాధితో బాధపడుచుండగా రేయింబవళ్లు ప్రక్క విడువక సేవించిన శశియే స్వామి రామకృష్ణానందులు. 1897లో మద్రాసు చేరి, పదునాలుగేండ్లు పూజకును బోధనకును దేహమును ధారవోసిరి. 1911 ఆరంభమున శ్రీశారదాదేవి రామేశ్వరయాత్రను దగ్గరుండి జరిపించిరి.

పిమ్మట దగ్గు, జ్వరము పట్టుకొనెను. వారములు గడచినను తగ్గవాయెను; కారణము వెంటనే తెలియరాలేదు. తుదకు వైద్యులు తీవ్రక్షయ యనిరి. క్షయను అణచు స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు లోకమునకు లభింపలేదు గదా!

జూన్ నెలలో స్వామిని కలకత్తాలోని ఉద్బోధన భవనమునకు చేర్చిరి. దేహము శుష్కించుచున్నను, భగవద్విషయము వచ్చినచో బాధ మఱచి మాటాడెడివారు. శ్రీమాతను చూడగోరిరి, ఆమె జయరాంబాటినుండి రాలేదు. అయినను తమకు ఆమె దర్శనమైనదని అంత్యదినములలో తెలిపిరి. ఆగస్టు 21న దేహము చాలించిరి. అప్పటికి వారి వయస్సు 48.