ఒంటిచేతి మేజర్, రాతి మీద తెల్ల చార

నెలకోసారి మా ఫీనిక్స్‌లో నాలుగైదు తెలుగు కుటుంబాలు కలుస్తాం. భోజనాలయ్యాక ఒక ఆట ఉంటుంది. ఒకరు వింత కొండదో, ఆనకట్టదో ఫొటో టీవీలో పెడతారు, అదెక్కడిదో మిగతావాళ్లు చెప్పాలి. పోయిన నెల నా వంతు. ఎర్రటి కొండగోడ, నీటి అంచు పొడవునా సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ. ఒకాయన ఉప్పన్నారు, ఇంకొకాయన రాతిపొర అన్నారు. మా అమ్మాయి మాత్రం లేక్ పావెల్ అని ఠక్కున చెప్పేసింది. జలాశయం నిండుగా ఉన్నప్పుడు రాతికి పట్టిన ఖనిజాలే ఆ తెలుపు. నీళ్లు ఎంత దిగిపోయాయో అదే చెబుతుంది. ఇంతకీ పావెల్ ఎవరంటే ఎవరూ నోరు మెదపలేదు. ఆ కథ నేనే చెప్పాల్సి వచ్చింది.

జాన్ వెస్లీ పావెల్ 1834లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. అంతర్యుద్ధంలో, 1862లో షైలో దగ్గర తూటా తగిలి కుడిచేయి మోచేతి కింద తీసేశారు. అయినా 1869 మే 24న నాలుగు పడవలు, తొమ్మిదిమంది మనుషులతో వయోమింగ్‌లో గ్రీన్ నదిలోకి దిగారు. ఒక పడవ సుడుల్లో ముక్కలై తిండి సామాను కొంత పోయింది. ఒకతను మధ్యలోనే వెళ్లిపోయాడు. చివర్లో మరో ముగ్గురు ఇక మావల్ల కాదని గట్టెక్కి నడిచిపోయారు, వాళ్లు మళ్లీ కనపడలేదు. రెండు రోజులకే, ఆగస్టు 30న, మిగిలిన ఆరుగురు గ్రాండ్ కాన్యన్ దాటి బయటపడ్డారు. ఆ రెండు రోజులు ఓపిక పట్టి ఉంటేనా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1871లో మళ్లీ బయల్దేరినప్పుడు ఫొటోగ్రాఫర్‌ను వెంట తీసుకెళ్లారు. పడవ మీద కట్టిన చేతుల కుర్చీ ఫొటో అప్పటిదే. అందులో కూర్చునే ఆయన ముందున్న సుడులను చూసేవారు.

నాకు మాత్రం సాహసం కన్నా ఆయన 1878 నివేదిక పెద్దది. ఏడాదికి ఇరవై అంగుళాల లోపు వాన పడే పడమటి నేలలో నీటిపారుదల లేకుండా సేద్యం నమ్మకం కాదని, ఉన్న నీళ్లు కొద్ది భూమికే చాలుతాయని అందులో లెక్కగట్టారు. మా అనంతపురం వాన కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఆ మాట నాకు కొత్తగా లేదు. భూములు అమ్ముకునేవాళ్లకు మాత్రం మింగుడు పడలేదు. 1893లో లాస్ ఏంజెలిస్ నీటిపారుదల సభలో అదే చెబితే గోల చేశారు. మరుసటి ఏడాది జియలాజికల్ సర్వే డైరెక్టర్ పదవి వదిలేశారు. 1902లో కన్నుమూశారు.

1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ తలుపులు మూసి, వెనక నిలిచిన నీటికి ఆయన పేరే పెట్టారు. ఆ నీళ్లే కిందికి దిగి, 336 మైళ్ల కాలువ వ్యవస్థలో ఎడారి దాటి మా వైపు వస్తాయి. ఆ రాత్రి గిన్నెలు కడుగుతుంటే, కుళాయి కాస్త తగ్గించమని మా అమ్మాయి వెనక నుంచి అంది.