కనపడని గాయానికి తండ్రి వేసిన మందు



పిల్లాడు ఆడుకుంటూ పడి మోకాలు చెక్కుకుపోతే అమ్మానాన్నా పరుగున వెళ్లి పసుపు అద్దుతారు. అదే పిల్లాడు కులం పేరుతో మాట పడి ఇంటికొస్తే? ఆ దెబ్బకు నెత్తురు కారదు. కానీ అది కూడా గాయమే. దానికి మందు వేయాల్సింది కూడా ముందు కన్నవాళ్లే. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ జీవితం మనకు ఈ సంగతే నేర్పుతుంది.

రాంజీ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. 1891 ఏప్రిల్ 14న మౌలో ఆయనకు 14వ సంతానంగా భీమ్‌రావ్ పుట్టాడు. పసితనంలోనే తల్లి భీమాబాయి కన్నుమూసింది. పిల్లల పెంపకం తండ్రి మీద, మేనత్త మీద పడింది.

సతారా బడిలో భీమ్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. ప్యూను కుళాయి తిప్పితేనే నీళ్లు, లేకపోతే దాహంతో ఉండటమే. మంగలి ముట్టుకోడు కాబట్టి అక్కే జుట్టు కత్తిరించేది. 1901లో తండ్రిని చూడటానికి అన్నతోనూ మేనల్లుళ్లతోనూ బయల్దేరితే, కులం తెలిశాక బండి కట్టేవాడే కరువయ్యాడు. రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నవాడు సైతం పిల్లల పక్కన కూర్చోలేదు, బండి వాళ్లే తోలుకున్నారు. దారిలో నీళ్లు పుట్టలేదు. తిండి ఉండి కూడా ఆ రాత్రి పస్తు పడుకున్నారు.

బొంబాయి వచ్చాక ఇల్లంటే ఒక్కటే గది. కొడుకు ముందు పడుకోవాలని రాంజీ తాను మేలుకుని, రాత్రి 2 గంటలకు లేపి చదువుకు కూర్చోబెట్టేవాడు. పుస్తకం కావాలంటే కూతుళ్ల నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు.

ఆయన పిల్లల చేత రామాయణ, భారతాలు చదివించేవాడు. ఎందుకని భీమ్ నిలదీశాడు. అంటరానివాళ్లమని బిడ్డ మనసు కుంగిపోకూడదనీ, ద్రోణుడు, కర్ణుడు, వాల్మీకి కింది నుంచే పైకి వచ్చారనీ తండ్రి చెప్పాడు. కొడుక్కి ఆ జవాబు సరిపోలేదు, ఎదురు వాదించాడు. రాంజీ కోప్పడలేదు, మౌనం వహించాడు. పరీక్ష పాసైనప్పుడు కేలూస్కర్ గారు ఇచ్చిన బుద్ధుని చరిత్ర ఆ పిల్లవాడికి దారి చూపింది.

1913లో తండ్రికి జబ్బని తెలిసి భీమ్‌రావ్ బరోడా నుంచి బయల్దేరాడు. నాన్న కోసం మిఠాయి కొందామని సూరత్‌లో దిగితే రైలు వెళ్లిపోయింది. మర్నాడు ఇల్లు చేరాడు. రాంజీ కొడుకు వీపు నిమిరి, ఫిబ్రవరి 2న కన్నుమూశాడు.

రాంజీ ప్రేమ నిజమైనది, ఎంచుకున్న మందే సరిపోలేదు. సరైన మందును ఆ కొడుకే వెతికి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనందరికీ అందించాడు. అదే ధమ్మం.

బిడ్డను చెడు నుంచి తప్పించటం, మంచిలో నిలపటం, విద్య నేర్పించటం తల్లిదండ్రుల బాధ్యతలని సిగాలోవాద సుత్తంలో భగవానుడు బోధించాడు. మన గూడూరు నుంచి బందరుకో గుడివాడకో చదువుకు వెళ్లే పిల్లలు ఏ సాయంత్రమైనా ముఖం మాడ్చుకుని వస్తే, మనకిది మామూలేగా, ఊరుకో అనొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం వినండి. వాళ్లు ప్రశ్నిస్తే ప్రశ్నించనివ్వండి. సెలవురోజున ఘంటసాల స్తూపం దగ్గరకు తీసుకెళ్లి, ఇది మన వారసత్వమని చూపించండి.

జై భీమ్! నమో బుద్ధాయ!